అద్దె గదికీ ఒక చిత్రం కావాలి
(పి.టి. రెడ్డి గారి స్మృతిలో చేసిన ఉపన్యాస పాఠం)

చిత్రకారుడు పాకాల తిరుమల్ రెడ్డి (పి.టి. రెడ్డి) గారిని తలుచుకోవడానికి హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి పరిసరాలకంటే తగిన చోటు మరొకటి లేదు. ఆయన 1915లో కరీంనగర్ జిల్లా అన్నవరంలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నారు. 1941లో మరో నలుగురు చిత్రకారులతో కలిసి అక్కడే సమకాలీన చిత్రకారుల బృందంగా ఏర్పడి ప్రదర్శన పెట్టారు. మన ఆధునిక చిత్రకళ చరిత్రను చాలామంది ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్‌తో మొదలుపెడతారు. ఆ బృందం పుట్టింది 1947లో. అంటే అన్నవరం నుంచి వెళ్లిన ఈ మనిషి ఆ దారిలో ఆరేళ్ల ముందే అడుగు వేశారు. తరవాత హైదరాబాదు వచ్చి నారాయణగూడలో స్థిరపడ్డారు. అక్కడి 'సుధర్మ' ఆయనకు ఇల్లూ, చిత్రశాలా అయింది. 1996లో కన్నుమూశారు. పుట్టింది ఒకచోట, విద్య నేర్చింది ఇంకోచోట, కాపురం ఉన్నది మరోచోట. ఇలాంటి మనిషికి 'నా ఇల్లు' అనదగ్గది ఏది? దానికి ఆయన చిత్రాలూ, ఆయన తరం చిత్రకారుల చిత్రాలూ ఏం జవాబు చెబుతున్నాయి? ఈ రోజు నేను మాట్లాడదలుచుకున్నది దాని గురించే.

ఈ ప్రశ్నను ఈ పేటల్లోనే అడగడానికి కారణం ఉంది. ఇవి వచ్చి చేరినవాళ్ల పేటలు. 1956లో రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారినప్పుడు నగరానికి తరలివచ్చిన ఉద్యోగుల కుటుంబాలు కొన్ని ఇటువైపు అద్దెకు దిగాయి. ఇప్పుడు అశోక్‌నగర్ గల్లీల్లో ఏ మేడ ఎక్కినా ఆదిలాబాద్ నుంచో, పాలమూరు నుంచో, నల్లగొండ నుంచో వచ్చిన గ్రూప్స్ అభ్యర్థులే కనిపిస్తారు. హాస్టల్ గది, మెస్ భోజనం, కోచింగ్ సెంటర్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దుటినుంచి రాత్రిదాకా చదువు, ఇదే వాళ్ల లోకం. వీళ్లు ఎక్కడివాళ్లు అన్న ప్రశ్నకు ప్రభుత్వం దగ్గర ఖచ్చితమైన కొలత ఉంది. ఉద్యోగాలు స్థానికులకే అన్న 1919 నాటి ముల్కీ నిబంధనల్లో పదిహేనేళ్ల నివాసం ఒక కొలతగా ఉండేది. ఆ నిబంధనల అమలు కోసమే 1952లో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు, 1969లో తెలంగాణ అంతా కదిలింది. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడే స్థానికత. ఉద్యోగాల పంపకంలో న్యాయం జరగాలంటే ఇలాంటి కొలతలు ఉండి తీరాలి, వాటిని నేను తక్కువ చేయడం లేదు. అయితే స్టడీ సర్టిఫికెట్ మనిషి ఎక్కడ చదివాడో చెబుతుంది గాని, ఆ చోటు అతనిలో ఎంత మిగిలిందో చెప్పలేదు. ఉంటున్న చోటుతో అతనికి ఏం సంబంధం ఏర్పడిందో అసలే చెప్పలేదు. ఈ రెండో లెక్క తేల్చే శక్తి కళలకు ఉంది. వాటిలో చిత్రకళకు మరీ ఎక్కువ ఉంది, ఎందుకంటే చూడనిదాన్ని చిత్రకారుడు గీయలేడు.

నా వాదన ముందే చెప్పేస్తాను. చిత్రంలో ఇల్లు చిరునామాగా రాదు. మనిషి దేన్ని వదులుకోలేకపోయాడో అదే ఇల్లుగా వస్తుంది. వదిలివచ్చిన ఊరి విషయంలో మన చిత్రకారులు ఈ పని ప్రపంచంలో ఎవరికీ తీసిపోకుండా చేశారు. వచ్చి చేరిన చోటు విషయంలో మాత్రం దాదాపు చేయలేదు. ఆ పని జరిగేదాకా మన చిత్రకళలో ఇల్లు సగం కట్టినట్టే లెక్క.

మొదటి సగానికి సాక్ష్యం తోట వైకుంఠం గారి చిత్రాలు. ఆయన 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో చిత్రకళ చదివి, బరోడా వెళ్లి కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. ఆయన వేసిన తెలంగాణ స్త్రీని తెలుగునాట గుర్తుపట్టనివారు అరుదు. నల్లని నిండైన ఒళ్లు, నుదుటి మీద పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్రటి చీర, పక్కన చిలుక. ఊరంటే ఆయనే అని అందరం అంటాం. మరి ఆ చిత్రాల్లో ఊరు ఎక్కడుంది? చాలా చిత్రాల్లో మనిషి వెనుక ఒకే రంగు పరచుకుని ఉంటుంది. అరుగు ఉండదు, గడప ఉండదు, చెట్టు ఉండదు. ఊరంతా ఆ స్త్రీ ఒంటి మీదికి వచ్చి చేరింది, చీర అంచులో, బొట్టు సైజులో, కూర్చున్న తీరులో. ఇల్లు విడిచి వచ్చినవాడు ఇంటిని మోసుకురాలేడు, మనిషిని మాత్రం కళ్లలో పెట్టుకుని రాగలడు. ఈ చిత్రాల్లో జరిగింది అదేనని నేను అనుకుంటాను. పక్కన ఏమీ లేకపోవడం వల్లనే ఆ మనిషి అంత స్పష్టంగా నిలబడింది.

లక్ష్మాగౌడ్ గారిది ఇంకో దారి. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, ఆయన కూడా హైదరాబాదు మీదుగా బరోడా వెళ్లినవారే. లోహపు రేకు మీద గీసిన గీతను ఆమ్లంతో తినిపించి అచ్చు తీసే ఎచింగ్ పద్ధతి ఆయన చేతిలో ఊరికి సరిపోయిన భాష అయింది. ఆ అచ్చుల్లో మనిషి, మేక, చెట్టు ఒకదాన్నుంచి ఒకటి మొలుచుకొస్తాయి. స్త్రీ పురుషుల కోరిక దాపరికం లేకుండా కనిపిస్తుంది. అది నగరంలో చదువుకున్నవారి సిగ్గు ఇంకా సోకని ఊరు. చదువు కోసం ఊరు దాటి వెళ్లకపోయి ఉంటే ఆయన దాన్ని ఇలా చూసేవారా అన్నది ఆలోచించదగ్గ ప్రశ్న. ఊళ్లోనే ఉన్నవాడికి మేక మేకగానే కనిపిస్తుంది. దూరం వెళ్లి వచ్చిన కంటికి అది తన పుట్టుకలో భాగంగా కనిపిస్తుంది. చిత్రకారుడు మార్క్ షగాల్ తన సొంతూరు విటెబ్స్క్ మీద వేసిన ప్రసిద్ధ చిత్రం 'నేను, నా ఊరు' 1911లో పారిస్‌లో వేసిందే. ఆకుపచ్చ ముఖం మనిషి, పశువు ఎదురెదురుగా ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోవడం, పైన కొన్ని ఇళ్లు తలకిందులుగా నిలబడటం, ఇవి ఊళ్లో కూర్చుని వేసే బొమ్మలో రావు. కాబట్టి ఊరు వదలడం ఊరిని పోగొట్టుకోవడమే అని అనుకోనక్కరలేదు. ఊరు చిత్రంగా మారడానికి చాలాసార్లు అదే కారణం అయింది.

దీనికి మొదటి అభ్యంతరం ఉంది. ఇదంతా ఊరి మీద బెంగ, అదీ అమ్ముడుపోయే బెంగ అని కొందరి విమర్శ. వైకుంఠం గారి స్త్రీల నకళ్లు హోటళ్ల లాబీల్లో, డ్రాయింగ్ రూముల్లో, పెళ్లి శుభలేఖల మీద కనబడుతున్న మాట నిజం. నకళ్లలో ఆ స్త్రీ అలంకారంగా మిగిలిందన్నదీ నిజం. అయితే నకలు చేసిన తప్పును అసలు మీద మోపకూడదు. తెలుగు క్యాలెండర్లు, సినిమాలు అందగత్తె అంటే ఫలానా రంగు, ఫలానా నాజూకు అని దశాబ్దాలుగా చూపిస్తున్న కాలంలో ఎండలో పని చేసే నల్లటి ఒంటికి రాణి ఠీవి ఇవ్వడం బెంగతో అయ్యే పని కాదు. అది ఎవరు చూడదగ్గవారు అన్న విషయంలో తీర్పు. పైగా అదే కన్ను ఊరి చీకటినీ చూసింది. బి. నర్సింగరావు గారి 'దాసి' సినిమాకు వైకుంఠం గారే కళాదర్శకులు. ఆ పనికి జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అక్కడ దొర గడీ ఒకరికి ఇల్లు, అదే కప్పు కింద దాసికి చెర. ఊరిని తియ్యగా చూపించడమే ధ్యేయమైన మనిషి ఆ గోడలు కట్టించగలిగేవాడు కాదు.

రెండో అభ్యంతరం పి.టి. రెడ్డి గారి నుంచే వస్తుంది. నెహ్రూ మీద, చంద్రుడి మీద మనిషి కాలు మోపడం మీద ఆయన చిత్రాల వరుసలు వేశారు. 1970ల నుంచి తాంత్రిక రూపాల్లో లోతుగా మునిగారు. బిందువు, త్రిభుజం, సర్పాకారం, స్త్రీ పురుష తత్వాల గుర్తులు, ఇవి ఏ జిల్లావీ కావు. అన్నవరం గానీ నారాయణగూడ గానీ వీటిలో లేనప్పుడు ఈ చిత్రాలను ఇంటి గురించిన చర్చలోకి ఎలా తెస్తారని అడగవచ్చు. తంత్రం ఏం చెబుతుందో చూడండి. దేహాన్నే ఆలయంగా, లోకమంతటినీ దేహంలోనే ఇమిడినదిగా అది భావిస్తుంది. ఊరూరా తిరిగిన మనిషి తాను ఉండే చోటును చివరికి తన దేహంలోనే వెతుక్కోవడం ఆశ్చర్యం కాదు. వైకుంఠం గారి స్త్రీ ఒంటి మీదికి ఊరు వచ్చినట్టే, రెడ్డి గారి రేఖల్లో ఇల్లు దేహంలోకి వెళ్లింది. పైకి ఎంతో దూరంగా కనిపించే ఈ ఇద్దరు చిత్రకారులూ స్థలాన్ని వదిలేసి దేహాన్ని పట్టుకున్నారు. ఇంకో సంగతి. అదే 'సుధర్మ'లో ఆయన సహధర్మచారిణి పి. యశోదారెడ్డి గారు పాలమూరు మాండలికంలో కథలు రాశారు. 'మా ఊరి ముచ్చట్లు' 1973లో వచ్చింది. ఆమె వదులుకోలేకపోయింది మాట, ఆయన వదులుకోలేకపోయింది రూపం. ఒకే కప్పు కింద ఇద్దరూ తమ తమ ఇళ్లు కట్టుకున్నారు. నారాయణగూడ సాహిత్య, కళా చరిత్రలో ఇంతకంటే విలువైన పాఠం ఉందనుకోను. ఇల్లు ఎన్ని విధాల ఉండవచ్చో ఆ దంపతులు చూపించారు.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది. ఊరు అందరికీ ఇల్లేనా? వాడకు ఊరి నడిబొడ్డున చోటు దొరకలేదు. వెట్టి చేసినవాడికి ఊరంటే తిరిగి వెళ్లాలనిపించే చోటు కాదు. అలాంటప్పుడు ఊరిని ఇల్లుగా చూపే చిత్రాలు భూమి ఉన్నవారి జ్ఞాపకాలను అందరి మీదా రుద్దడం కాదా? ఈ ప్రశ్నకు ఆధునిక చిత్రకారులకన్నా ముందు చేర్యాల నకాషీ పటచిత్రకారులు సమాధానం చెప్పారు. మూరల కొద్దీ గుడ్డ మీద ఎర్రని నేపథ్యంతో గీసిన ఆ పటాలను విప్పుతూ కథకులు ఊరూరా పురాణం చెప్పేవారు. ఆ పురాణాలు ఒక్కో కులానికి ఒక్కోటి. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెప్పారు, మాదిగలకు డక్కలివారు జాంబ పురాణం చెప్పారు. భూమి కాగితం లేనివారికి వంశం కథ దొరికింది. సృష్టి మొదట్లోనే తమవాడు ఉన్నాడని పటం చూపించి చెప్పినప్పుడు, ఊరి చివర కూర్చున్న శ్రోతకు ఊరు ఇవ్వని చోటును ఆ బొమ్మ ఇచ్చింది. అంటే సొంతమన్న భావన స్థలం దగ్గర ఆగిపోతేనే అన్యాయం. స్థలం దక్కనివారికి ఇంకో ఆధారం చూపించడం మన చిత్రకళకు పాత విద్యే.

అందరికీ కలిపి ఒకే బొమ్మ చాలదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి వచ్చిన కొండపల్లి శేషగిరిరావు గారు 1975 ప్రపంచ తెలుగు మహాసభల సందర్భంలో తెలుగుతల్లిని చిత్రించారు. కోట్లమందికి అది ఇంటి బొమ్మ అయింది. తరవాత తెలంగాణ ఉద్యమం ఆ తల్లిలో తన పోలిక లేదంది, తెలంగాణ తల్లిని నిలబెట్టుకుంది. 2024 డిసెంబరులో సచివాలయంలో ఆవిష్కరించిన విగ్రహంలో మునుపటి రూపంలోని కిరీటమూ లేదు, చేతిలో బతుకమ్మా లేదు. దాని మీదా వాదం నడిచింది. ఈ వాదాల్లో ఎవరిది ఒప్పో చెప్పడం ఇక్కడ నా పని కాదు. ఒక్క రూపం ఎంత గొప్పదైనా అందరి ఇంటినీ మోయలేదని మాత్రం అవి నేర్పుతున్నాయి. పటం విప్పే కథకుడు పక్క ఊరికి పోతే ఇంకో పటం విప్పేవాడు. మనకు కావలసింది అలాంటి పటాల రాశి.

ఇక రెండో సగం. ఊరిని ఒంటి మీద, లోహపు రేకు మీద, తాంత్రిక రేఖలో నిలుపుకున్న చిత్రకారులు హైదరాబాదులో కూర్చునే ఆ పని చేశారు. వాళ్లు కూర్చున్న గదులు, ఆ గదుల కిటికీలు, కింద నడిచిన వీధులు చిత్రాల్లోకి రాలేదు. హైదరాబాదును ఎందరో చిత్రించారు కదా అంటే, చిత్రించారు. చార్మినార్, గోల్కొండ, పాతబస్తీ గల్లీలు, నగరపు రాళ్లగుట్టలు ఎన్నో చిత్రాల్లో ఉన్నాయి. చరిత్ర తన ముద్ర వేసి ఇచ్చిన నగరం అది. అద్దెకున్నవాళ్ల నగరానికి ఆ ముద్ర లేదు. సిటీ సెంట్రల్ లైబ్రరీ ఆవరణలో చెట్టు కింద ఒళ్లో పుస్తకం పెట్టుకుని కూర్చున్న కుర్రాడు, హాస్టల్ గదిలో మూడు మంచాల మధ్య గోడకు అంటించిన సిలబస్ కాగితం, త్యాగరాయ గానసభలో సాయంత్రం కచేరీకి ముందుగా వచ్చి కూర్చున్న పెద్దలు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ థియేటర్ల ముందు తొలి ఆట జనం, ఇవి ఈ పేటల అసలు రూపాలు. ఒకప్పుడు ఆ థియేటర్ల మీద చేత్తో వేసిన బ్యానర్లు ఉండేవి, ఫ్లెక్సీ వచ్చాక అవీ పోయాయి. ఇందిరా పార్కు నుంచి వి.ఎస్.టి. దాకా 2023 ఆగస్టులో ఉక్కు వంతెన వచ్చింది. దాని వెంట ఉన్న వీధుల వెలుగు, నీడ, చూపు అన్నీ మారిపోయాయి. మారక ముందు అవి ఎలా ఉండేవో ఫొటోలు చెబుతాయి. అక్కడ బతికినవారికి అవి ఏమిటో చెప్పే చిత్రాలు లేవు.

అద్దెకుండేవాడు రేపో మాపో వెళ్లిపోతాడు, అతనికి ఈ చోటు ఇల్లెలా అవుతుంది, దాన్ని చిత్రించి ఎవరికి ఉపకారం అని అడిగేవారుంటారు. ఇది చివరి అభ్యంతరం. విన్సెంట్ వాన్ గో 1888లో ఆర్ల్ పట్టణంలో పసుపు రంగు ఇంట్లో కొన్ని గదులు అద్దెకు తీసుకున్నాడు. అక్కడ అతను ఉన్నది కొద్ది నెలలే. తన పడకగదిని ఆ ఏడాది అక్టోబరులో చిత్రించాడు, మరుసటి ఏడు ఇంకో రెండుసార్లు వేశాడు. ఆ ఇల్లు రెండో ప్రపంచయుద్ధంలో బాంబు దాడికి గురై పోయింది. సొంతదారు ఎవరో లోకానికి పట్టదు. మంచం, రెండు కుర్చీలు, కిటికీ ఉన్న ఆ గది మాత్రం అద్దెకున్నవాడి పేరు మీద నిలిచిపోయింది. ఎంతకాలం ఉన్నాడన్నది కాదు, ఉన్నంతకాలం ఎంత శ్రద్ధగా చూశాడన్నదే అక్కడ లెక్కకు వచ్చింది.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ అమెరికన్ చిత్రకారుడు జేకబ్ లారెన్స్. అమెరికా దక్షిణాది పల్లెల నుంచి నల్లజాతివారు బతుకుదెరువు కోసం లక్షల సంఖ్యలో ఉత్తరాది నగరాలకు తరలిపోయిన చరిత్రను అతను 1940, 1941 సంవత్సరాల్లో 60 చిన్న పలకల మీద చిత్రించాడు. మన రెడ్డి గారి బొంబాయి బృందం ప్రదర్శన పెట్టిన సంవత్సరమూ 1941యే. లారెన్స్‌కు అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. విషయ సేకరణ చేసింది న్యూయార్క్ నగరపు హార్లెమ్ పేటలోని 135వ వీధి ప్రజా గ్రంథాలయంలో. ఒక్కో రంగును అన్ని పలకల మీదా వేసుకుంటూ పోయాడు, అందువల్ల 60 చిత్రాలూ ఒకే కథలా కలిసిపోయాయి. వాటిలో రైల్వే స్టేషన్లున్నాయి, కిక్కిరిసిన వసతి గదులున్నాయి, ఉత్తరాదికి వెళ్లిన బంధువులు రాసిన ఉత్తరం చదివే మనుషులున్నారు. చిన్న వయసు చిత్రకారుడు, పేటలోని గ్రంథాలయం, వలస వచ్చిన జనం, ఈ మూడూ కలిస్తే అంత పని జరిగింది. ఈ మూడూ చిక్కడపల్లిలో ఉన్నాయి. లేనిది, ఈ జీవితం చిత్రానికి తగినదే అన్న నమ్మకం ఒక్కటే.

ఆ నమ్మకం ఉపన్యాసాలతో రాదు, పనితో వస్తుంది. మాసబ్‌ట్యాంక్ లలితకళల విశ్వవిద్యాలయం విద్యార్థులు ఏడాదిలో కొన్ని వారాలు ఈ పేటల్లో కూర్చుని గీయవచ్చు. గ్రంథాలయం ఒక గోడను ఆ చిత్రాలకు కేటాయించవచ్చు. గానసభకు వచ్చేవారు కచేరీకి ముందు వాటిని చూడవచ్చు. హాస్టళ్లలో ఉన్న అభ్యర్థుల్లో గీయగలిగినవారు తప్పక ఉంటారు, వాళ్లను కూడా పిలవాలి. ఎందుకంటే ఆ గది లోపలి చూపు వాళ్లకే తెలుసు. ఆ చిత్రాలన్నీ గొప్పవి కానక్కరలేదు. కూనపులివారు విప్పిన పటాల్లాగా అవి ఒకరి తరవాత ఒకరివి విప్పుకుంటూ పోవాలి. ఉద్యోగం వచ్చి వెళ్లినవాడూ, రాక వెళ్లినవాడూ ఇక్కడ గడిపిన ఏళ్లు ఎక్కడో నమోదై ఉన్నాయని తెలుసుకోవాలి. స్టడీ సర్టిఫికెట్లో ఆ ఏళ్లకు చోటు లేదు, చిత్రంలో ఉంటుంది.

పి.టి. రెడ్డి గారు అన్నవరం నుంచి బయలుదేరి, దేశంలో ఆధునిక చిత్రకళకు దారి వేసినవారిలో ఒకరై, నారాయణగూడను తన ఇల్లుగా ఎంచుకున్నారు. ఆయన్ని గౌరవించడానికి ఆయన చిత్రాలను కాపాడుకోవడం మొదటి పని. ఆయన ఎంచుకున్న ఈ చోటును, ఆయన తరానికి చిత్రించే తీరిక చిక్కని ఈ చోటును, మన తరం చిత్రకళలోకి తీసుకురావడం రెండో పని. మొదటిది వారసుల, సంస్థల బాధ్యత. రెండోది ఇక్కడ నివసించే ప్రతి ఒక్కరిదీ, అద్దెకు ఉన్నా సరే, సొంతింట్లో ఉన్నా సరే. దాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టమని సభను కోరుతున్నాను. నమస్కారం.